పదిండ్ల పిండి

మా నాన్నకు పిండి మిషను ఉంది. ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఒక ఏడాది కలిసొచ్చేదని బెంగళూరు డాక్టరు నామీద విసుక్కున్నాడు. నన్నెవరు అడిగారు గనక చెప్పడానికి? కడుపు నొప్పి అని వచ్చిన మనిషిని మీ నాన్న ఏం పని చేస్తాడని ఏ డాక్టరూ అడగడు. నాలుక చాపమంటాడు, కళ్ళ కింద రెప్ప లాగి చూస్తాడు, రక్తం లేదంటాడు. రక్తం లేదని నాకూ తెలుసు.

నా రోగం పేరు సీలియాక్. గోధుమలో ఉండే జిగురు నా పేగులకు పడదు. పడదంటే ఒకపూట వాంతి చేసుకొని మర్నాటికి లేచి తిరగడం కాదు. చిటికెడు పిండి పోయినా పేగు లోపలి పొర అరిగిపోతూ వస్తుంది, తిన్నది ఒంటికి పట్టదు. మందు లేదు, మానుకోవడమే మందు. ఇది చెప్పడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది. తెలుసుకోవడానికి ముప్పై మూడేళ్ళు పట్టింది. తీరా తెలిశాక అంతకంటే పెద్ద చిక్కు వచ్చి నెత్తిన పడింది. నా సంగతి సరే, చిన్నప్పుడే పోయిన మా చెల్లెలి సంగతి మా అమ్మకు చెప్పాలా, వద్దా?

మా ఊరు కర్ణాటక అంచున, పావగడ తాలూకా వల్లూరుకు దగ్గర, ఇళ్ళల్లో మాత్రం తెలుగే. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఎటు చూసినా సోలార్ పలకలే గానీ, నా చిన్నప్పుడు అవన్నీ శెనక్కాయ చేలు. మిషను మా ఇంటి ముందరి రేకుల కొట్టంలో ఉండేది. త్రీ ఫేస్ కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు తిరిగేది. కరెంటు వచ్చిందని తెలియగానే ఆడవాళ్ళు డబ్బాలు నెత్తిన పెట్టుకొని వచ్చి వరసగా కూర్చునేవాళ్ళు. కారానికి వేరే మిషను, మిగతా గింజలన్నిటికీ ఒకటే. రాగులు, జొన్నలు, బియ్యం, రేషన్లో ఇచ్చే గోధుమలు, అన్నీ ఆ రెండు రాళ్ళ మధ్యే నలిగేవి. పిండి రాలే మూతికి ఒక గుడ్డ గొట్టం కట్టి ఉండేది. ఒకరి వంతు అయ్యాక ఆ గుడ్డలో దోసెడు పిండి మిగిలిపోతుంది. దాన్ని దులుపుకొని పోవడం మా వైపు మర్యాద కాదు. గుడ్డ దులిపిన ఇంట్లో గింజ నిలవదంటారు. ఆ దోసెడు మిషనువాళ్ళది.

సాయంత్రం నాన్న గొట్టం విప్పి కట్టెతో నాలుగు దెబ్బలు వేసేవాడు. చేట నిండా పిండి రాలేది. రాగి పిండి నలుపూ కాదు, బియ్యప్పిండి తెలుపూ కాదు, దానికొక రంగంటూ ఉండేది కాదు. మా ఇంట్లో సంగటి, రొట్టె, గంజి అన్నీ ఆ పిండితోనే. ఊరంతా రాగి సంగటి తింటుంటే మేం ఊరందరి పిండీ కలిసిన సంగటి తినేవాళ్ళం.

మా అమ్మకు ఆ పిండి అంటే భక్తి. నీరసంగా ఉన్న బిడ్డకు ఏడిండ్లలో అడుక్కొచ్చిన గింజలు వండిపెడితే నిలదొక్కుకుంటుందని మా వైపు ఆడవాళ్ళ నమ్మకం. అమ్మ లెక్కలో మాకు అడుక్కునే పని కూడా లేదు. "ఊరోళ్ళు కొంగు పట్టుకొని ఇల్లిల్లూ తిరగాల. మనకు దేవుడు ఇంటికే పంపిస్తా ఉండాడు. పదిండ్ల పిండి తిన్న బిడ్డకు పదిమంది ఆయుస్సు" అనేది. చారెడు ఎక్కువ పెడితే చారెడు ఆయుస్సు ఎక్కువని ఆమె అనుకునేది.

ఆ ఆయుస్సంతా తిని నేను కుండ కడుపు, పుల్ల కాళ్ళతో తయారయ్యాను. తరగతిలో అందరికంటే పొట్టి. రోజుకు నాలుగైదు సార్లు చెంబు పట్టుకొని చేలల్లోకి పరుగెత్తాల్సి వచ్చేది. ఆ వాసన ఎంత చెడ్డదంటే, తోటి ఆడపిల్లలు నేను వెళ్ళిన వైపు కాకుండా వేరే గట్టుకు పోయేవాళ్ళు. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల వాళ్ళమ్మతో చెప్పించుకొని మరీ చోటు మార్చుకుంది. నాకు ఇంకా కోపమే ఆ పిల్ల మీద. నలభై ఏళ్ళ మనిషికి ఎనిమిదేళ్ళ పిల్ల మీద కోపమేమిటని మీరు నవ్వినా సరే.

నాకు ఆరేళ్ళప్పుడు చెల్లెలు పుట్టింది. అమ్మ పాలు తాగినన్నాళ్ళు బుగ్గలతో ముద్దుగా ఉండేది. పాలు మాన్పించి గంజి మొదలుపెట్టాక దిగజారిపోయింది. రెండేళ్ళు నిండేసరికి చేతులూ కాళ్ళూ సన్నబడ్డాయి, కడుపు ఉబ్బింది, జుట్టు ఎర్రబారి పీచులా అయింది. ఊరికే ఏడుస్తూ ఉండేది. ఎత్తుకున్నా ఏడుపే, దించినా ఏడుపే. పక్షిదోషమన్నారు. గర్భంతో ఉన్నప్పుడు అమ్మ మీద పక్షి నీడ పడిందంట. బలసముద్రం వైపు మంత్రించేవాడి దగ్గరికి మూడు ఆదివారాలు తీసుకెళ్ళి తాయెత్తు కట్టించారు. పావగడ తీసుకెళ్ళి పురుగుల మందు పోయించారు. పురుగులు పడలేదు. అమ్మ ఇంకో గిన్నె గంజి పెంచింది.

చెల్లెలు నాలుగేళ్ళ పిల్లగా పోయింది. ఆ వేసవిలో దానికి బేదులు పట్టుకొని మూడు రోజులు ఆగలేదు. నాన్న దాన్ని భుజాన వేసుకొని పావగడ బస్సెక్కాడు, అమ్మా నేనూ వెనక. ఆసుపత్రిలో సూది గుచ్చడానికి నరం దొరకలేదు. చేతుల్లో వెతికారు, పాదాల్లో వెతికారు, చివరికి తలలో వెతికారు. దొరికేలోగా దాని ఏడుపు ఆగిపోయింది. తిరుగు బస్సులో శవాన్ని ఎక్కించుకోరని, నిద్రపోతోందని చెప్పి కొంగు కప్పుకొని కూర్చుంది అమ్మ. పక్క సీటు ఆమె బిడ్డకు ఎండ తగులుతోందమ్మా, ఇటు తిప్పుకో అంది. అమ్మ తిప్పుకుంది.

చెల్లెలు పోయాక అమ్మ భయమంతా నామీదికి మళ్ళింది. ఉన్న ఒక్కదాన్నీ పోగొట్టుకోకూడదని నాకు రెండింతలు పెట్టడం మొదలుపెట్టింది. కంచే చేను మేస్తే అని సామెత చెబుతారు గానీ, తాను మేస్తున్నానని ఆ కంచెకు తెలియకపోతే దాన్ని ఏమనాలి?

నేనెలా బతికానో నాకు తెలియదు. కొందరి పేగు మొండిగా ఉంటుందని డాక్టరు తర్వాత చెప్పాడు. పదిహేడు దాటాక పెద్దమనిషినయ్యాను. ఇనుము మాత్రలు డబ్బాలు డబ్బాలు మింగాను. అప్పుడే ఒక డాక్టరు ఇది పేగు క్షయ అని తేల్చి ఆరు నెలల కోర్సు రాశాడు. ఆ మందులకు ఉచ్చ ఎర్రగా పోయేది, తిన్నది నోట్లోకే వచ్చేది. క్షయ అని ఊరంతా తెలిసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, రోగం అలాగే ఉంది, నా లోటా, నా కంచం మాత్రం వేరైపోయాయి. అమ్మ ఒక్కతే నా కంచంలో మిగిలింది తినేది. దానిమీద చుట్టాలతో పోట్లాట కూడా పెట్టుకుంది.

కంప్యూటరు నేర్చుకొని పంచాయతీ ఆఫీసులో పనికి కుదిరాను. బలసముద్రం సంబంధం కుదిరి పెళ్ళయింది. ఆయనకు గొర్రెలు, కాస్త మెట్ట. సోలార్ వచ్చాక భూమి కౌలుకు పోయింది, ఆయన ఒక ప్లాంటు గేటు దగ్గర సెక్యూరిటీలో చేరాడు. గొర్రెలు మాత్రం అమ్మలేదు. మంచి మనిషి. మొదటి కడుపు మూడో నెలలో పోయింది. రెండోది అయిదో నెలలో పోయింది. రెండోసారి మగబిడ్డని నర్సు చెప్పింది. నేను అడగలేదు, ఆమే చెప్పింది.

ఆ రెండోసారి, నెలరోజులు ఒళ్ళు కుదుటపరచుకొని రమ్మని పుట్టింటికి పంపారు. సోలార్ పనులు జోరుగా సాగుతున్న రోజులవి. ఉత్తరాది నుంచి పనివాళ్ళు వందలుగా దిగారు. వాళ్ళకు రెండు పూటలా రొట్టె కావాలి. మా నాన్న మిషను పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా గోధుమలే ఆడేది. ఆయనకు జీవితంలో మొదటిసారి తీరిక లేని పని దొరికింది, ముఖంలో సంతోషం కనిపించేది. కొట్టం గోడలు, మా ఇంటి వాసాలు, దండెం మీద బట్టలు తెల్లబడ్డాయి. అమ్మ నన్ను మంచంలో కూర్చోబెట్టి వేడివేడిగా పెట్టింది. గుడ్డ పిండి ఇప్పుడు తెల్లగా, మెత్తగా ఉండేది. రొట్టెలు ఎంత మెత్తగా వస్తున్నాయో చూడమని మురిసిపోయింది. మూడో వారంలో నేను గడప దాటబోయి చిన్నగా తూలి చెయ్యి ఆనించాను. మణికట్టు పుటుక్కుమంది.

కట్టు కట్టిన తుమకూరు డాక్టరు ఎక్స్‌రే చూసి, ఈ వయసులో ఎముకలు ఇలా గుల్లబారడమేమిటని బెంగళూరుకు రాసిచ్చాడు. అక్కడ రక్తం తీశారు, గొట్టం వేసి పేగు ముక్క తీశారు. ఉత్తరాదిలో చదువుకొని వచ్చిన కుర్ర డాక్టరు కన్నడంలో మెల్లగా వివరించాడు. క్షయ ఏనాడూ లేదన్నాడు. కడుపులు పోవడానికీ ఇదే కారణం కావచ్చన్నాడు. నేనక్కడ ఏడవలేదు. ఇంతకాలం నన్ను అందరూ అన్న మాటలకు ఒక పేరు దొరికిందని సంతోషపడ్డాను. నిజంగా సంతోషమే.

గోధుమ మానాలంతే అంటే మా వాళ్ళు నవ్వారు. రాగులు పండే సీమలో పుట్టి, సంగటి తిని బతికే దానికి ఇదీ ఒక పథ్యమేనా అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. బన్నులు, బిస్కెట్లు, రవ్వతో చేసే ఉప్పిట్టు, పెళ్ళిళ్ళలో పూరీలు మానేశాను. ఇంగువలో గోధుమ పిండి కలుపుతారని తెలిసి చుట్టాలిండ్లలో చారు కూడా ముట్టడం మానేశాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా చిన్నత్త నా ఎదురుగానే అంది. అమ్మ మాత్రం ఒక్క మాట అనలేదు. రాగులు తానే ఏరి, కడిగి, ఎండబెట్టి, పొద్దున మిషను తిప్పగానే మొదటి వాయి నాకోసం ఆడించి, నెలనెలా డబ్బా పంపింది. ఏడాదంతా నేను తిన్నది ఆ పిండే.

ఏడాది తర్వాత రక్త పరీక్షలో రోగం అంకె తగ్గలేదు. దొంగతనంగా ఏదో తింటున్నావని డాక్టరు గద్దించాడు. రాగులు తప్ప ఏమీ ముట్టలేదన్నాను. ఎవరు ఆడిస్తారన్నాడు. అప్పుడు చెప్పాను, మా నాన్నకు పిండి మిషను ఉందని. ఒకటే మిషనా అన్నాడు. అవునన్నాను. ముందురోజు ఏం ఆడారో ఆలోచించమన్నాడు. ఆలోచించక్కర్లేదు, రాళ్ళ గాట్లలో, గుడ్డ మడతల్లో ఏముంటుందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. విసుగంతా అయ్యాక ఆయన కాగితం మీద ఏదో రాసుకుంటూ, తోడబుట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఉండేదన్నాను. కడుపు ఎలా ఉండేది, జుట్టు ఎలా ఉండేది, ఎప్పుడు మొదలైంది అని ఒక్కొక్కటే అడిగి, కలం పక్కన పెట్టేశాడు. అయ్యుండొచ్చు, ఇప్పుడు చెప్పలేం అన్నాడు.

పావగడ బస్సు మధుగిరి దాటింది. అప్పుడు మా ఆయన అన్నాడు. "మీ యమ్మకు చెప్పొద్దు. నీది చెప్పినా చిన్నదానిది ఆమెకే తెలిసిపోతాది. ఆమె తట్టుకోల్యాదు."

అందుకని అబద్ధంతో కాపురం చేశాం. ఇసుర్రాయి ఒకటి కొని, రాగులు ఇంట్లోనే విసురుకోవడం మొదలుపెట్టాను. విరిగి అతికిన చెయ్యి రోజూ నొప్పి పెట్టేది. అమ్మ డబ్బా నెలనెలా వస్తూనే ఉంది, బాగుందమ్మా అని ఫోనులో చెబుతూనే ఉన్నాను. ఆ పిండి మా ఆయన గొర్రెలకు కలిపి పెట్టేవాడు. పదిండ్ల ఆయుస్సు గొర్రెలకు బాగానే పట్టింది. నాకూ మెల్లగా ఒళ్ళు పట్టింది. చెంబు పరుగులు ఆగాయి. పుట్టి బుద్ధెరిగాక కడుపు నొప్పి లేని దినం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. రెండేళ్ళకు మూడో కడుపు నిలిచింది. ఆడపిల్ల.

అమ్మ సంతోషానికి పట్టపగ్గాలు లేవు. తన పిండి తిన్నందుకే కడుపు నిలిచిందని ఊరంతా చెప్పుకుంది. నేను తల ఊపాను. తప్పే, కానీ ఏం చేయను? ఆమె ముఖం అలా వెలగడం చెల్లెలు పోయాక నేను చూడలేదు.

నా బిడ్డకు ఈ రోగం రావచ్చు, రాకపోవచ్చు, కనిపెట్టి ఉండమన్నాడు డాక్టరు. ఏడాదిన్నర పిల్లకు ఒకసారి జలుబు చేసి, నాలుగు బేదులయ్యాయి. ఆఫీసులో సెలవు దొరకలేదు. అమ్మను వచ్చి చూసుకోమన్నాను. ఇంట్లో ఉన్నవే పెట్టమని చెప్పాను, అన్నం, పాలు, పెసరకట్టు. మనసు నిలవక మధ్యాహ్నానికే ఇంటికి వచ్చాను. అమ్మ పడసాలలో కాళ్ళు చాపుకొని, పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకొని, గిన్నెతో నోట్లో గంజి పోస్తోంది. పక్కన గుడ్డ మూట. ఆ రంగు చూడగానే తెలిసిపోయింది. వస్తూ వస్తూ గొట్టం దులుపుకొని తెచ్చింది.

ఒక్క గిన్నెతో ఏమీ కాదని నాకు తెలుసు. ఆ క్షణంలో తెలియలేదు. గిన్నెను కొట్టాను, అది వెళ్ళి గోడకు తగిలింది. పాప కెవ్వున ఏడ్చింది. అమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఏంది నీకు పట్టిందని అడిగింది.

"ఆ పిండితోనే నేను ఇట్లయినానమ్మా" అన్నాను. "మిషన్లో గోధుమ కలుస్తాది. చిన్నప్పట్నుంచి నువ్వు పెట్టిందంతా అదే. నువ్వు పంపించే డబ్బా నేను తింటాల్యా. గొర్రెలకు పెడతా ఉండాం."

ఆపుకోలేకపోయాను. అన్నీ చెప్పేశాను, ఒక్కటి తప్ప.  అమ్మ పాపను నాకు అందించి, కొంగుతో నేల మీది గంజి తుడవడం మొదలుపెట్టింది. మొత్తం తుడిచింది. గోడ మీది మరకలు కూడా తుడిచింది. తల ఎత్తకుండానే అడిగింది.

"అయితే చిన్నదానికి గూడా అదేనా?"

ఈ ప్రశ్నకు జవాబు నాలుగేళ్ళుగా నా దగ్గర సిద్ధంగా ఉంది. కాదమ్మా, దానిది వేరే జబ్బు, డాక్టరే చెప్పినాడు అని. అద్దం ముందు కూడా అని చూసుకున్నాను. తీరా ఆమె అడిగేసరికి అది నోటికి రాలేదు.

"తెలీదమ్మా. అయ్యుండొచ్చంట."

అమ్మ గంజి అంటిన కొంగు పిండుకుంది. "వద్దు వద్దని మూతి తిప్పుకొనేది. బిడ్డకు తెలిసింది, నాకు తెలీలా. ముక్కు మూసి పోసినాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఇడ్సలా" అంది.

నిజమే. నాలుగేళ్ళ పిల్ల ఊరికే పడుకొని తాగదు, తన్నుకుంటుంది. ముక్కు మూయడానికి అమ్మకు ఒక చెయ్యి, గిన్నె పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలి. కాళ్ళు పట్టుకున్నది నేను. పదేళ్ళదాన్ని. కదలకుండా గట్టిగా పట్టుకున్న రోజు అమ్మ నాకు బెల్లం గడ్డ ఇచ్చేది. దానికోసం బాగా గట్టిగా పట్టుకునేదాన్ని. ఈ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. డాక్టరు తోడబుట్టినవాళ్ళ గురించి అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఇదే.

ఇది జరిగి రెండేళ్ళవుతోంది. గుడ్డలో మిగిలిన పిండిని అమ్మ ఇప్పుడు ఇంట్లోకి రానివ్వదు. ఎవరి పిండి వాళ్ళనే దులుపుకొని పొమ్మంటుంది. వాళ్ళు గింజ నిలవదని భయపడితే తానే కట్టె తీసుకొని దులిపి ఇస్తుంది. చెల్లెలి మాట వచ్చినప్పుడల్లా నేనే పోసినాను, నేనే చంపుకున్నాను అంటుంది. వద్దమ్మా అంటాను, వినదు. నువ్వు కాళ్ళు పట్టుకొంటివి కదా అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. ఆమెకు గుర్తులేక కాదు.